ఏటికొప్పాకలో మా ఉంగరాలు

"అల్లుడికి కర్ర ఉంగరం పెడితే నలుగురూ ఏమంటారో ఆలోచించావా?"

ఫోన్‌లో నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇదే. రెండో ప్రశ్న అడగలేదు. ఫోన్ అమ్మకిచ్చేశాడు. నాన్నకి బాగా కోపం వస్తే చేసే పని అది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా ఊరు తుని. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నాకు కాబోయే ఆయనదీ (ఇకనుంచి 'ఆయన' అంటే ఆయనే!) నా ఉద్యోగమే, ఊరు ఖమ్మం. ఇద్దరి ఇళ్లలోనూ అప్పటికే అప్పులున్నాయి. అందుకే మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నిశ్చితార్థానికి రెండు వైపులా ఒక్క రూపాయి కూడా కొత్త అప్పు చెయ్యకూడదు.

2025 జనవరి అది. 10 గ్రాముల బంగారం 80 వేలు దాటి కూర్చుంది. కాసు ఉంగరం అంటే తరుగు, మజూరీ కలుపుకుని 70 వేలకు అటూ ఇటూ. నాన్న మాత్రం "నేను చూసుకుంటాను" అంటున్నాడు. ఆయన చూసుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. సొసైటీలో లోను.

చెక్క ఉంగరం ఆలోచన మాత్రం ఆయనదే. నా డెస్క్ మీద మానిటర్ పక్కన ఒక లక్కపిడత ఉంటుంది. చిన్నప్పుడు నాన్న డ్యూటీ నుంచి వస్తూ తెచ్చిన ఏటికొప్పాక సెట్‌లో మిగిలిన ఆఖరి ముక్క, బొటనవేలంత పొయ్యి. ఇరవై ఏళ్లయినా ఆ పసుపు రంగు పోలేదు. "బంగారం కంటే ఇదే ఎక్కువ మెరుస్తోంది కదా, ఉంగరాలు వీళ్లచేతే చేయిద్దామా?" అన్నాడు. సరదాకి అన్నాడో నిజంగా అన్నాడో గానీ నేను పట్టుకున్నాను.

ముందు తెలివితక్కువగా ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. పదకొండో రోజుకి రెండు ముక్కలైంది. అప్పుడనిపించింది, ఇది ఫోన్‌లో నొక్కితే అయ్యే పని కాదు, వెళ్లి దగ్గరుండి చేయించుకోవాలి అని. నాన్నకి మళ్లీ ఫోన్ చేశాను. "ఉంగరం సంగతి తర్వాత, నాకు ఏటికొప్పాక చూపించు చాలు" అన్నాను. దారి చూపించమంటే కండక్టర్ కాదనలేడు.

అడ్డరోడ్డు... అడ్డరోడ్డు!

ఫిబ్రవరి 1, శనివారం. పొద్దున్నే తునిలో బస్సెక్కాం. తాండవ నది వంతెన దాటితే పాయకరావుపేట, అక్కడినుంచి అనకాపల్లి జిల్లా. తర్వాత నక్కపల్లి. ఉపమాక వెంకన్న కొండ వైపు తిరిగి నాన్న కూర్చున్నచోటే దండం పెట్టుకున్నాడు. ప్రతి స్టాపూ బస్సు ఆగకముందే నాన్న పెదాల మీద కదులుతోంది. "ఈ రోడ్డు మీద అడ్డరోడ్డు, అడ్డరోడ్డు అని ఎన్ని వేలసార్లు అరిచానో" అన్నాడు. అంతే. ఆ వారం మొత్తంలో నాతో మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం అది.

హైవే మీద అడ్డరోడ్డులో దిగి ఆటో ఎక్కాం. కొబ్బరిచెట్లు, చెరకు తోటలు, వరాహ నది. ఆ నది ఒడ్డునే ఏటికొప్పాక. చూడ్డానికి మామూలు పల్లెటూరే. కానీ వీధిలోకి అడుగుపెట్టగానే ఒక చప్పుడు మొదలవుతుంది. తేనెటీగల తుట్టెలా సన్నగా, ఆగకుండా. ఇళ్ల వరండాల్లో తిరిగే మిషన్ల చప్పుడది. గుమ్మాల ముందు తెల్లటి చెక్క పొట్టు గుట్టలు.

అంతకు ఆరు రోజుల ముందే ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే. మేం టీవీలో చూశాం. ఊళ్లో ఎవర్ని కదిపినా ముందు ఆ ముచ్చటే చెప్పారు. తర్వాత రెండో ముచ్చట... "కర్ర దొరకడం లేదండి."

ఆ కర్ర పేరు అంకుడు. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. తిరిగే మిషన్ మీద ఉలి ఆనిస్తే వెన్నలా వస్తుంది. చుట్టుపక్కల అడవుల్లోంచి రావాలి. కొమ్మల్ని కోసి, ఆరబెట్టి, కావలసిన పొడవుకి ముక్కలు చేసుకుంటారు. బొమ్మలు, గాజులు, కుంకుమ భరిణెలు, లక్కపిడతలు అన్నీ ఇందులోంచే.

రంగుల కథ మరొకటి. ఒకప్పుడు ఇక్కడా రసాయన రంగులే రాజ్యమేలాయి. ఈ ఊరికే చెందిన సి.వి.రాజు గారు మొక్కల నుంచి, గింజల నుంచి, వేళ్ల నుంచి రంగులు తీసే పద్ధతులు మళ్లీ పట్టుకొచ్చి పనివాళ్లకి నేర్పారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు నుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలిమందు నుంచి నీలం. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేనిది కావాలన్నది దీని వెనకున్న ఆలోచన. వేలికి రోజూ తొడుక్కునే వస్తువుకి కూడా అదేగా కావాల్సింది!

గాజు వేరు, ఉంగరం వేరు

నాన్నకి తెలిసిన పనివాడి ఇంటికి వెళ్లాం. అరవై దాటిన మనిషి. నాన్నని చూసి "ఏటి కండక్టర్ గారూ, బస్సు లేకుండా వచ్చేశారు?" అని నవ్వాడు. నేను బాబాయ్ అని పిలిచాను.

నేను ఊరికే రాలేదు. కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగు ప్రింటు తీసి తెచ్చాను. ఆయన వేలికి కాగితం చుట్టి కొలిచిన చుట్టుకొలత 62 మిల్లీమీటర్లు, అంటే లోపలి వ్యాసం 19.7. నాది 53, అంటే 16.9. మందం ఒకటిన్నర మిల్లీమీటరు. బాబాయ్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మ బాగుందమ్మా. కర్రకి చూపించావా?" అన్నాడు.

అర్థం కాలేదు. ఆయన మాట్లాడకుండా అంకుడు ముక్క ఒకటి మిషన్‌కి బిగించాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా ఎగిరింది. ఐదు నిమిషాల్లో నా డ్రాయింగులో ఉన్నట్టే ఉంగరం తయారు. నేను చప్పట్లు కొట్టబోయేంతలో రెండు వేళ్లతో మెల్లిగా నొక్కాడు. టప్. రెండు ముక్కలు.

"పొయ్యిలోకి కట్టె ఎలా చీలతాది? నిలువునే కదా. ఈ ఉంగరం కొమ్మలోంచి కోసిన ముల్లంగి చక్రంలాటిది. పోగు చుట్టూ తిరగదు, అడ్డంగా ఉంటాది. గాజంటే లావుగా ఉంటాది కాబట్టి ఆగుతాది. ఉంగరం ఇంత పల్చగా అంటే ఎలా ఆగుతాది?"

ఆన్‌లైన్ ఉంగరం ఎందుకు విరిగిందో అప్పుడు తెలిసింది. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో పదార్థాల బలం అనే సబ్జెక్టు పాసయ్యాను. కర్రకి ఒక వైపు ఉన్న బలం ఇంకో వైపు ఉండదని పరీక్షలో రాశాను కూడా. చేతిలో విరిగేదాకా గుర్తురాలేదు.

మందం పెంచి ఇంకొకటి చేశాడు. అది నాన్న వేలికి తొడిగి తీస్తుంటే కణుపు దగ్గర పగిలింది. బాగా లావుగా ఇంకొకటి చేస్తే పక్కవేలు ముడుచుకోవడం లేదు. విదేశాల్లో వేరే పద్ధతి ఉందని వీడియోల్లో చూశాను. కాగితంలాంటి పల్చటి చెక్క పట్టీని వేడినీళ్లలో నానబెట్టి, కడ్డీకి పొరలు పొరలుగా చుట్టి జిగురుతో అతికిస్తారు. అప్పుడు పోగు వేలి చుట్టూ తిరుగుతుంది, విరగదు. ఆ వీడియో ఫోన్‌లో చూపించాను. బాబాయ్ శ్రద్ధగా రెండుసార్లు చూశాడు. "మంచి పనే. కానీ ఇది చుట్టే పని. మాది తిప్పే పని" అన్నాడు. ఆ మాటలో చిన్నతనం లేదు, గొప్పా లేదు. ఉన్నమాట.

అరిగిన గుర్తు

బాబాయ్ భార్య టీ ఇచ్చింది. వరండా మెట్ల మీద కూర్చున్నాం. విరిగిన ముక్కల్ని నాన్న చేతిలో వేసుకుని చూస్తున్నాడు.

"మెరుపు కోసం కాదమ్మా ఉంగరం అడిగింది" అన్నాడు ఉన్నట్టుండి. "బంగారం ఎందుకు పెడతారు? రేపు అవసరమొస్తే అక్కరకొస్తుందని. ఈ కర్రముక్క ఏ బ్యాంకువాడు తీసుకుంటాడు?"

నేను వాదనకి సిద్ధమయ్యాను. బంగారం మోజు, అప్పులు, పరువు... ఉపన్యాసమంతా నోట్లో ఉంది.

"మీ అమ్మమ్మ వాళ్లు నాకు పెట్టింది ముప్పావు కాసు ఉంగరం" అన్నాడు నాన్న. "బస్సులో పడిపోయిందని చెప్పాను కదా. పడిపోలేదు. నీ రెండో ఏడాది హాస్టల్ ఫీజు కట్టింది అదే."

నాకు ఆ ఉంగరం గుర్తుంది. ఎర్ర రాయి ఉండేది. అది పోయిన రోజు అమ్మ అన్నం తినలేదు. 'బస్సులో అంతమంది చేతులు తగులుతుంటాయి, కాస్త చూసుకోవాలి కదా' అని నాన్నని సణిగినవాళ్లలో నేనూ ఉన్నాను. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆయన వేలి మీద తెల్లటి గుర్తు చూసి ఎగతాళి చేశాను కూడా.

ఏం మాట్లాడాలో తెలియలేదు. నా డిగ్రీ, నా ఉద్యోగం, కంప్యూటర్‌లో గీసుకొచ్చిన ఆ డ్రాయింగు... అన్నిటి వెనకా అమ్ముడుపోయిన ఒక బంగారు ఉంగరం ఉంది. అది తెలియక నేను బంగారం అంటే ఒట్టి ఆర్భాటం అనుకుంటూ ఇంతదూరం వచ్చాను.

"అయితే బంగారమే కొందాం నాన్నా" అన్నాను.

"అలా అని అప్పు చెయ్యమని కాదు" అన్నాడాయన, నేను అనాల్సిన మాట తనే అనేసి. చేతిలోని చెక్క ముక్కల్ని మళ్లీ జతచేసి చూశాడు. "బాబూ, రోకలికి పొన్ను వేస్తారు కదా, చివర చీలిపోకుండా? దీనికి అలా వెయ్యలేమా?"

బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "పైన వేస్తే కర్ర కనపడదు. లోపల వెయ్యాల" అన్నాడు. వెంటనే ఇద్దరూ నన్ను పక్కకి నెట్టి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. లోపల సన్నటి వెండి కట్టు, దాని మీద చెక్క. వేలి ఒత్తిడి వెండి తీసుకుంటుంది, చెక్క మీద పడదు. చెక్కకీ వెండికీ మధ్య లక్క. "లక్క గుండ్లలో కంసాలి పోసేది ఏటి? లక్కే కదా. బంగారాన్ని పట్టుకున్నది వెండిని పట్టుకోదా?"

విరిగిన వాటికి కూలి వద్దన్నాడు బాబాయ్. నాన్న ఒప్పుకోలేదు. "చిరిగిన టిక్కెట్టుకి కూడా మేం లెక్క చెప్పేవాళ్లం" అని డబ్బు చేతిలో పెట్టాడు.

లక్క కరిగే చోట

ఆ వారం నేను హైదరాబాద్ వెళ్లిపోయాను. నాన్న తునిలో కంసాలి చుట్టూ తిరిగాడు. వెండి కోసం కొత్తగా ఏమీ కొనలేదు. బీరువాలో నా చిన్నప్పటి వెండి పట్టీ ఒకటుంది. దాని జత ఎప్పుడో పోయింది. ఒంటి పట్టీ ఎందుకూ పనికిరాదని అమ్మ గుడ్డలో చుట్టి పెట్టింది. దాన్ని కరిగించి రెండు కట్లు చేయించాడు. ఆయన కొలత 62, నాది 53 అని రోజూ ఫోన్ చేసి మళ్లీ మళ్లీ అడిగేవాడు.

తర్వాతి శనివారం మళ్లీ అదే బస్సు, అదే అడ్డరోడ్డు. ఈసారి నాన్న దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

బాబాయ్ ముందుగా చెక్క చక్రాలు తిప్పి, లోపలి కన్నం వెండి కట్టు కంటే వెంట్రుకవాసి పెద్దగా ఉంచాడు. ఎందుకంటే చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, వెండి అలా చెయ్యదు. బిగుతుగా పెడితే ఎండల్లో చెక్క చిట్లుతుంది. ఆ సందులోకి లక్క. వెండి కట్టుని కాస్త వేడిచేసి, లక్క రాసి, చెక్కలోకి జార్చి చల్లారనిచ్చాడు.

తర్వాత మళ్లీ మిషన్. రంగు కలిపిన లక్క కణికని తిరుగుతున్న చెక్కకి ఆనించాడు. మంట లేదు, పొయ్యి లేదు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకి అంటుకుంటోంది. దానిమీద మొగలి ఆకు పెట్టి ఒత్తగానే మసకగా ఉన్న రంగు అద్దంలా తేలింది. ఆ ఒక్క క్షణం చూడ్డానికైనా ఏటికొప్పాక వెళ్లాలి. ఆయనది పసుపు, నాది జాఫ్రా ఎరుపు. రెండిటికీ మధ్యలో చెక్క సొంత రంగు కనిపించేలా సన్నటి గీత వదిలాడు.

జాగ్రత్తలు కూడా చెప్పాడు. వేడినీళ్లలో చెయ్యి పెట్టేముందు తీసెయ్యాలి. గిన్నెలు తోమేటప్పుడు తీసెయ్యాలి. ఆఫీసుల్లో చేతికి రాసుకునే శానిటైజర్ అసలు తగలకూడదు, అందులోని స్పిరిటుకి లక్క కరిగిపోతుంది. "బంగారం మిమ్మల్ని చూసుకుంటాది. దీన్ని మీరే చూసుకోవాల" అన్నాడు.

రెండు ఉంగరాలకీ కలిపి 600 రూపాయలు అడిగాడు. నాన్న వెయ్యి ఇచ్చాడు.

ఎఫ్.డి. రసీదు

ఫిబ్రవరి నెలాఖర్లో తునిలో నిశ్చితార్థం. నేను భయపడిందే జరిగింది. ఉంగరాల పళ్లెం చూసి వాళ్లవైపు పెద్దావిడ ఒకరు, "పూతైనా వేయించలేదా?" అని పక్కావిడతో అన్నారు. ఆయన తాతగారు ఉంగరం అందుకుని, "బరువే లేదేం?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే నాన్న లేచాడు. పోగు ఎటు పోతుందో, కట్టె ఎలా చీలుతుందో, పొన్ను లోపల ఎందుకు వేశామో, లక్క ఎక్కడ కరుగుతుందో... బస్సులో చివరి సీటుకి కూడా వినపడే గొంతుతో మొత్తం చెప్పాడు. తాతగారు వ్యవసాయదారు. రోకలి పొన్ను అనగానే ఆయనకి పట్టుబడింది. భోజనాల దగ్గర వాళ్లిద్దరూ నాగలికి ఏ కర్ర మంచిదనే చర్చలోకి దిగారు. ఆ పెద్దావిడ సంగతి నాకు తెలియదు. అందరూ ఒప్పుకోవాలని లేదు కదా.

అయితే నాన్న ఒక షరతు పెట్టాడు. ఉంగరం కర్రదైనా ఫర్వాలేదు, మిగిలిన డబ్బు మాత్రం కర్రలా కాలిపోకూడదు. దానికి సమానమైన మొత్తం మా ఇద్దరి పేర్ల మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, రసీదు తనకి చూపించాలి. అప్పు చెయ్యకుండా, మా జీతాల్లోంచి నెలనెలా కూడబెట్టి ఏప్రిల్ చివరికి వేశాం. సరిగ్గా అదే నెలలో బంగారం 10 గ్రాములు లక్ష తాకింది. రసీదు ఫొటో పంపిస్తే నాన్న ఒక్క మాటే అన్నాడు. "జనవరిలో కొని ఉంటే..." నాకింకా దానికి జవాబు దొరకలేదు!

మే నెల హైదరాబాద్ ఎండలకి, ఆఫీసు ఏసీకి ఆయన ఉంగరం మీద వెంట్రుకంత చీలిక వచ్చింది. విడిపోలేదు, లోపల వెండి పట్టుకుని ఉంది. తుని వచ్చినప్పుడు ముగ్గురం ఏటికొప్పాక వెళ్లాం. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని చూసి, చీలికలోకి లక్క దింపాడు. ఆ రోజు దగ్గర పసుపు కణిక లేదు, ఎరుపే ఉంది. అందుకే ఇప్పుడు ఆయన పసుపు ఉంగరం మీద సన్నటి ఎర్రగీత ఒకటుంది. మళ్లీ ఎండాకాలం తర్వాత తెచ్చి చూపించమన్నాడు.

మీరూ వెళ్లాలనుకుంటే విశాఖపట్నం నుంచి సుమారు 65 కిలోమీటర్లు. అనకాపల్లి, యలమంచిలి దాటాక హైవే మీద దిగి ఆటో ఎక్కాలి. రైల్లో వస్తే యలమంచిలి లేదా నర్సీపట్నం రోడ్ స్టేషన్. పొద్దున్నే వెళితే మిషన్లు నడుస్తుంటాయి, పని చూడొచ్చు. బేరం మరీ గట్టిగా ఆడకండి. ఉంగరమే కావాలంటే వేలి కొలతతోపాటు రెండుసార్లు వచ్చే ఓపిక కూడా తెచ్చుకోండి.

ఎక్కడ దిగాలో మర్చిపోతారేమో అని నాన్న ఇది కూడా రాయమన్నాడు. అడ్డరోడ్డు. బస్సు ఆగేది కాసేపే, ముందే లేచి నిలబడండి.